ఫోర్క్‌లిఫ్ట్ నాగరత్నం

నాగరత్నం యాభయ్యో ఏట డ్రైవరైంది. అంతకుముందు ఆవిడ సైకిలు కూడా తొక్కి ఎరగదు. పెళ్లయి మండపేట దగ్గరి పల్లె నుంచి పటాన్‌చెరు వచ్చిన కొత్తలో, బొంబాయి రోడ్డు మీద లారీల వరస చూసి గుండె దడదడలాడి, భర్త తోడు లేనిదే అవతలి వైపు కూరగాయలకి కూడా వెళ్లేది కాదు. అలాంటి మనిషి ఏనాటికో ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కి టన్నుల కొద్దీ సరుకును పై అరల్లోకి ఎత్తి పెడుతుందని అప్పుడెవరైనా చెప్పి ఉంటే, అందరికంటే ముందు నవ్వేది ఆవిడే.

బరువుల సంగతి ఆ ఇంట్లో మొదట వీర్రాజుది. ప్రభుత్వరంగ కర్మాగారంలో, పైకప్పు కింద పట్టాల మీద తిరిగే పెద్ద క్రేన్‌కి ఆయన ఆపరేటరు. పొద్దున్నే ఇనుప మెట్లెక్కి పైనున్న గదిలో కూర్చుంటే, మళ్లీ భోజనానికే కిందికి దిగడం. ఏళ్ల తరబడి అదే పని చేశాక, ఏ వస్తువు చూసినా దాని నడుమెక్కడుందో కళ్లతో వెతకడం ఆయనకి అలవాటైపోయింది. ఇంటికి పనసకాయ వచ్చినా, గ్యాస్ సిలిండరు వచ్చినా, చుట్టాల పెళ్లిలో గాడిపొయ్యి మీద నుంచి గుండిగ దించుతున్నా, "ఆగండాగండి, అక్కడ కాదు పట్టుకోవాల్సింది" అంటూ వెళ్లేవాడు. ఆ మాట విని విని నాగరత్నానికి విసుగూ వచ్చింది, విద్యా కొంత వచ్చింది.

రిటైరయ్యాక కాళ్లు చాపుకుని కూర్చునే రకం కాదు వీర్రాజు. ఒక పాత డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్ కొని, దగ్గరుండి పసుపురంగు వేయించి, కర్దనూర్‌లో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, చుట్టుపక్కల ఫ్యాక్టరీలకి రోజు కిరాయి మీద తిప్పడం మొదలుపెట్టాడు. అప్పటికే మోకాళ్లు సహకరించక, నడపడానికి పవన్ అనే కుర్రాణ్ని పెట్టుకున్నాడు. ఇంజను సంగతి మాత్రం ఎవరికీ అప్పజెప్పేవాడు కాదు. దసరాకి ఇంట్లో దేవుడికి దండ ఆలస్యమైనా బండికి ఆలస్యమయ్యేది కాదు.

ఇలా బాగానే సాగుతుండగా ఒకరోజు పవన్ వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"సార్, ఆన్‌లైన్ సామాన్ల గోడౌన్ల పిలుస్తున్రు. నెల జీతం, బస్సు, అన్నీ ఉంటయట. పోత సార్."

"వెళ్లు నాయనా. మంచి చోటే కదా" అన్నాడు వీర్రాజు. అన్నాడే గాని, మరో డ్రైవరు కోసం వెతికితే ఎక్కడా దొరకలేదు. ఊరి చుట్టూ పెద్ద పెద్ద గోడౌన్లు లేస్తున్నాయి. చెయ్యి తిరిగిన డ్రైవర్లందర్నీ అవే లాక్కుంటున్నాయి. పసుపుబండి షెడ్డులో దుమ్ము పట్టింది. హరినాథ్ రోజూ ఫోను చేసేవాడు. సుల్తాన్‌పూర్ వైపు ఒక మందుల కంపెనీ గోడౌన్‌కి ఆయన మేనేజరు. సరుకు లారీల్లోనే ఉండిపోతోందని ఆయన గోల.

ఓ మధ్యాహ్నం షెడ్డులో క్యారేజీ విప్పి వడ్డిస్తూ నాగరత్నం అంది: "ఏవండీ, నాకు నేర్పకూడదూ?"

"ఏంటి, దప్పళం కలపడమా?"

"బండి."

వీర్రాజు ముద్ద నోటి దగ్గరే ఆపి ఆవిడ మొహంలోకి చూశాడు. హాస్యం కాదని అర్థమయ్యాక ముద్ద మింగి, "అది కారు లాంటిది కాదు రత్నం. ముందు చక్రాలు పక్కకి తిరగవు. వెనక చక్రాలు తిరుగుతాయి. నువ్వు ఎడమకి తిప్పితే తోక కుడికి పోయి ఏదో ఒకటి పడగొడుతుంది" అన్నాడు.

"ఇరుకు వంటింట్లో చంకన బిందె పెట్టుకుని వెనక్కి తిరిగేటప్పుడు ఏది తగులుతుందో చూసుకోమా? ఇదీ అంతే కదండీ."

ఆయన అన్నం ముగించాడు. చెయ్యి కడుక్కుని వెళ్లి తాళం తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

అయితే ఇదీ అంతే కాలేదు. మొదటి ఆదివారమే షెడ్డు రేకుకి సొట్ట పడింది. రెండో ఆదివారం ఖాళీ డ్రమ్ములు బంతుల్లా దొర్లాయి. బండి కదిలిందంటే చాలు, ఆవిడ అరిచేది. ఆవిడ అరుపుకి ఆయన అరిచేవాడు. కర్దనూర్ కుక్కలన్నీ ఆ ఇద్దరికీ వంత పాడేవి. కానీ వీర్రాజుకి క్రేన్ నేర్పిన ఓర్పుంది. ఇటుకలు వరసగా పేర్చి, వాటి మధ్య నుంచి బండిని పోనిచ్చేవాడు. బండి ముందు పొడుచుకొచ్చిన ఇనుప ఫోర్కుల మీద నిండుగా నీళ్లున్న బకెట్ పెట్టి, చుక్క ఒలకకుండా ఎత్తి దించమనేవాడు. చీర కట్టుకుంటే కాళ్లకి అడ్డమని పంజాబీ డ్రెస్సులు తానే కొనుక్కొచ్చాడు. ఆవిడ పట్టుగా నేర్చుకుంది. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుంది. సంగారెడ్డిలో కాలేజీ లెక్చరరుగా ఉన్న కూతురు సత్యశ్రీ ఫోనులో ఫొటో చూసి, "అమ్మా, అది నువ్వేనా? నాన్న మొహమేంటి అంత వెలిగిపోతోంది?" అంది.

హరినాథ్ మొదటి రోజు గోడౌన్ గేటు దగ్గర ఆవిడని చూసి, వెంట డ్రైవరు వస్తున్నాడేమోనని వెనక్కి చూశాడట. ఆవిడ రెండు లారీలు దించేసరికి ఇంక అటువైపు చూడ్డం మానేశాడు. కొన్నాళ్లు పాశమైలారం నుంచి భానూర్ దాకా ఆ పసుపుబండికి విరామం లేదు. ఆడమనిషి నడుపుతుంటే చూడ్డానికి మొదట గుంపులు చేరేవి. తర్వాత తర్వాత చూసే వాళ్లకీ అలవాటైపోయింది. పని ఆగితే "నాగరత్నమ్మ రాలేదా?" అని అడగడం మొదలైంది.

ఆ తర్వాత రోజులు మారాయి. మారడం పటాన్‌చెరులో మొదలవలేదు.

ఒకసారి హరినాథ్ భార్యాభర్తలిద్దర్నీ తన గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆయన తండ్రి కూడా వీర్రాజుతో పాటే కర్మాగారంలో పనిచేసినవాడు కాబట్టి చనువూ ఉంది, మొహమాటమూ ఉంది.

"మన మందులు కొనే విదేశీ కంపెనీ వాళ్లు తనిఖీకి వచ్చారు వీర్రాజు గారూ. మందులుండే చోట డీజిల్ పొగ ఏంటన్నారు. ఇక మీదట లోపల బ్యాటరీ బండ్లే తిరగాలట. వాళ్ల దేశాల్లో ఎప్పుడో అలా చేశారు. చైనా వాళ్లు చవగ్గా తయారుచేస్తున్నారు. ప్రపంచమంతా బ్యాటరీ వైపే పోతోంది."

వీర్రాజు టీ గ్లాసు కింద పెట్టాడు. "ప్రపంచం ఎప్పుడైనా నా బండెక్కి చూసిందా?" అన్నాడు.

ఆ మాటకి హరినాథ్ నవ్వలేదు. "నా చేతుల్లో లేదండీ" అన్నాడు. నిజంగా ఆయన చేతుల్లో లేదు.

ఆ నెలలోనే మాదాపూర్‌లో యంత్రాల ప్రదర్శన ఉందంటే, హరినాథ్ ఇచ్చిన పాసులతో ఇద్దరూ వెళ్లారు. లోపల అద్దంలా మెరిసే బండ్లు. ఎరుపు, తెలుపు, నారింజ రంగులు. ఒక్కదానికీ పొగగొట్టం లేదు. వీర్రాజు వాటి చుట్టూ తిరిగి, వంగి చక్రాలు చూసి, బోల్టులు తడిమి, ఒక బండి దగ్గర ఆగిపోయాడు.

"సీటేదయ్యా?" అని అడిగాడు అక్కడున్న అబ్బాయిని.

"సీటుండదు సార్. దానంతటదే వెళ్తుంది."

వీర్రాజు ఆ బండి వెనక్కి కూడా వెళ్లి చూశాడు, సీటు అక్కడేమైనా ఉందేమోనన్నట్టు.

పక్క హాలులో ఒకాయన తెర మీద బొమ్మలు వేసి ప్రపంచ మార్కెట్ గురించి ఉపన్యసిస్తున్నాడు. ఏసీ చల్లగా ఉందని నాగరత్నం వెళ్లి కూర్చుంది. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. జనం ఇంట్లో కూర్చునే సరుకులు కొంటున్నారు గనక గోడౌన్లు పెరుగుతున్నాయనీ, గోడౌన్లు పెరిగేకొద్దీ ఎత్తే బండ్లు, మోసే బండ్లు పెరుగుతున్నాయనీ చెప్పాడు. సీసం బ్యాటరీలు పోయి లిథియం బ్యాటరీలు వస్తున్నాయన్నాడు. కంపెనీలు బండ్లు కొనడం తగ్గించి కిరాయికి తీసుకోవడం ఎక్కువైందన్నాడు. అన్నీ చెప్పి, "ప్రశ్నలుంటే అడగండి" అన్నాడు. కోట్లు వేసుకున్న మగవాళ్ల మధ్య నుంచి నాగరత్నం చెయ్యెత్తింది.

"బాబూ, ఇన్ని బండ్లొస్తాయంటున్నారు కదా. నడిపేవాళ్లు దొరుకుతున్నారా?"

ఆయన చేతిలో మైకు దించి, "లేదమ్మా. ఏ దేశం వెళ్లినా అదే బాధ. సీటు లేని బండ్లు పుట్టిందే అందుకు. కానీ అవి అన్ని చోట్లకీ రావడానికి చాలా కాలం పడుతుంది. అందాకా డ్రైవర్లు కావాలి, ఎక్కడైనా కావాలి" అన్నాడు.

బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ వీర్రాజు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. నాగరత్నం పల్లీల పొట్లం కొనిచ్చింది. ఆయన సగం తిని మిగతాది మడిచి ఆవిడ చేతిలో పెట్టాడు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. హరినాథ్ కంపెనీ బ్యాటరీ బండ్లు కిరాయికి తెచ్చుకుంది. పసుపుబండికి అక్కడ పని పోయింది. కొత్త బండికి డ్రైవరుగా, నెల జీతం మీద నాగరత్నాన్ని రమ్మన్నారు.

"అంటే నా బండి పొట్ట కొట్టిన బండిని నా పెళ్లాం నడుపుతుందన్నమాట" అన్నాడు వీర్రాజు.

"మీరు వద్దంటే వెళ్లను."

"నేను వద్దని ఎందుకంటాను?" అని ఆయన లేచి వెళ్లిపోయాడు. వద్దనలేదు, వెళ్లమనీ అనలేదు. తర్వాత కొన్నాళ్లు ఆ ఇంట్లో మాటలు కూడా తూచి తూచి పడ్డాయి. "ఉప్పు", "సరే", "తలుపు వేసుకో" — అంతకు మించి ఆయన నోటినుంచి ఏదీ రాలేదు. నాగరత్నం ఆయన్ని బతిమాలలేదు. ఆయనకి ఇష్టమని గుత్తివంకాయ చేసింది, పెసరట్టు వేసింది, అడక్కుండానే రెండోసారి కాఫీ పెట్టింది. పనిలో చేరే రోజు పొద్దున్న చెప్పులు తొడుక్కుంటూ ఉంటే, పేపరు వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"బ్యాటరీ బండి చప్పుడు చెయ్యదు. పెడల్ మీద కాలు పెట్టగానే ఉరుకుతుంది. డీజిల్ బండి అనుకుని తొక్కేవు. జాగ్రత్త."

నాగరత్నం కళ్లు తుడుచుకుని బస్సెక్కింది. ఆయన ఊరుకుంటేనే బాగుండేది, ఆ మాట విని ఏడుపొచ్చిందని తర్వాత కూతురితో చెప్పుకుంది.

కొత్త బండి మెత్తగా ఉంది. స్టీరింగు వేలితో తిరుగుతుంది. సాయంత్రానికి భుజాలు నొప్పి లేవు, ఒంటికి డీజిల్ వాసన లేదు. ఒక వారం ఆవిడ సంతోషంగానే నడిపింది. రెండో వారం బండి ముందు ముత్యమ్మ నిలబడింది.

ముత్యమ్మ ఆ గోడౌన్‌లో లోడింగ్ ఆడవాళ్లకి పెద్ద. గట్టి మనిషి, నెత్తిన చుట్టకుదురు ఎప్పుడూ ఉంటుంది. కొన్ని లారీల్లో అట్టపెట్టెలు విడివిడిగా వచ్చేటప్పుడు, ఈ ఆడవాళ్లే ఒకరి చేతి నుంచి ఒకరికి అందించి, నెత్తిన మోసి దించేవాళ్లు. ఇప్పుడు సరుకంతా చెక్కపీటల మీద పేర్చి, ప్లాస్టిక్ చుట్టి వస్తోంది. బండి ఫోర్కులు పీట కిందికి దూర్చి ఎత్తితే, పదిమంది చేసే పని అక్కడే అయిపోతోంది. ఆడవాళ్లు గోడ వారగా కూర్చుంటున్నారు. రేపు రావద్దని ఒక్కొక్కరికి చెబుతున్నారు.

నాగరత్నం హారన్ కొట్టింది. ముత్యమ్మ కదల్లేదు.

"కొట్టు, కొట్టు. గట్టిగ కొట్టు. నేను గీడికెంచి జరుగ."

నాగరత్నం తాళం తిప్పి బండి ఆపి కిందికి దిగింది.

"నీ బండి మంచిగనే ఉన్నదమ్మా. దాన్ని నేనేమన. కాని గది మా పొట్టల మీదికెంచి పోతున్నది. గా సంగతి నీకు ఎరుకైతుందో లేదోనని నిలబడ్డ. ఇగ పో" అని ముత్యమ్మ పక్కకి జరిగింది.

ముత్యమ్మ తిట్టి ఉంటే నాగరత్నానికి సులువుగా ఉండేది. ఆ పూట ఆవిడకి ఒంటరిగా క్యారేజీ విప్పబుద్ధి కాలేదు. మూత పెట్టిన క్యారేజీ పట్టుకెళ్లి గోడ వారన ఆడవాళ్ల మధ్య కూర్చుంది. ఎవరూ జరిగి చోటివ్వలేదు, లేచీ వెళ్లలేదు. ఆవకాయన్నం తలా ముద్ద పెట్టింది. ముత్యమ్మ చివరికి చెయ్యి చాపింది. "కారం తక్కువైంది" అంది.

అప్పట్నుంచి పలకరింపు మొదలైంది గాని పని మాత్రం పెరగలేదు.

కొద్ది రోజులకి జరగరానిది జరగబోయింది. సాయంత్రం లారీ తొందర మీద ఉంది. నాగరత్నం ఖాళీ పీట దించి బండిని వెనక్కి తీస్తోంది. అద్దంలో చూసింది, ఎవరూ లేరు. ప్యాకింగ్ చేసే ఒక పిల్ల చేతిలోంచి జారిన లేబుళ్ల చుట్ట కోసం అట్టపెట్టెల వెనక వంగి ఉందన్న సంగతి అద్దానికి అందలేదు. బండికి చప్పుడు లేదు గనక ఆ పిల్లకీ వినబడలేదు.

"ఆపూ!"

గోడౌన్ పైకప్పు అదిరేలా ముత్యమ్మ అరిచింది. నాగరత్నం పాదం దానంతటదే బ్రేకు మీద పడింది. బండి తోకకీ ఆ పిల్ల భుజానికీ మధ్య జానెడు చోటుంది.

నాగరత్నం బండి తాళం తీసి ఒళ్లో పెట్టుకుని సీట్లోనే ఉండిపోయింది. ముత్యమ్మే వచ్చి చెయ్యిచ్చి దింపి, నీళ్లు తాగించి, కొంగుతో మొహం తుడిచింది. "ఏం గాలేదు. పోరి మంచిగనే ఉన్నది. సూడు, నగుతున్నది" అంటూ వీపు నిమిరింది. ఆ పిల్ల నవ్వడం లేదు, వెక్కుతోంది. ముగ్గురూ అక్కడే నేల మీద కాసేపు కూర్చున్నారు.

మర్నాడు నాగరత్నం హరినాథ్ గదికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పింది. "తప్పు నాది. వెనక్కి తీసేముందు దిగి చూడాల్సింది. కానీ సార్, ఈ బండి పిల్లిలా వస్తోంది. వెనకొక మనిషి ఉండాలి. ముత్యమ్మ లాంటి గొంతున్న మనిషి."

హరినాథ్ తల పట్టుకున్నాడు. సంగతి అప్పటికే చెవిన పడి, రాత్రంతా ఆయనకీ నిద్ర లేదు. పై వాళ్లతో మాట్లాడి, బండికి హెచ్చరిక లైటు పెట్టించాడు. ముత్యమ్మకి ఆకుపచ్చ చొక్కా, విజిలు ఇప్పించి, లారీలొచ్చే వైపు సైగ చేసే పనిలో పెట్టాడు. ముత్యమ్మ ఆ చొక్కా తొడుక్కున్న రోజు, లోడింగ్ ఆడవాళ్లు "పోలీసమ్మ, పోలీసమ్మ" అని ఆట పట్టించారు. ఆవిడ విజిలు ఊదితే లారీ డ్రైవర్లు బీడీలు పడేసి నిలబడేవాళ్లు.

ఒక్కరికి దారి దొరికింది. మిగతా వాళ్ల సంగతి? ముత్యమ్మ రోజూ అదే అడిగేది. "నాకు విజిలిచ్చిండ్రు. బాగనే ఉన్నది. గా పిల్లలేం చేస్తరు వదినె?" అప్పటికి వదినె అనే చనువు వచ్చేసింది.

నాగరత్నానికి మాదాపూర్ ఉపన్యాసం గుర్తుంది. బండ్లున్నాయి, నడిపేవాళ్లు లేరు. ఇక్కడ మనుషులున్నారు, నేర్పేవాళ్లు లేరు. హరినాథ్‌ని అడిగితే, పదో తరగతి పాసై, లైసెన్సు తెచ్చుకున్నవాళ్లెవరినైనా తీసుకుంటామన్నాడు. సుల్తాన్‌పూర్‌లో మిగతా కంపెనీలకీ చెబుతానన్నాడు. నేర్పడానికి మాత్రం కంపెనీ బండి ఇవ్వడం కుదరదన్నాడు. ముత్యమ్మ కోడలు నిషిత ఇంటరు పాసైంది. గుంపులో పది పాసైనవాళ్లు ఇంకా ఉన్నారు. కావాల్సింది ఒక బండి, ఒక ఖాళీ చోటు.

రెండూ వీర్రాజు దగ్గరున్నాయి.

"నా బండిని బడి పిల్లలకి ఆటబొమ్మ చేస్తావా?" అన్నాడు ఆయన. పసుపుబండి అప్పటికి చాలాకాలంగా షెడ్డులోనే ఉంది. అయినా రోజూ వెళ్లి ఇంజను స్టార్ట్ చేసి, కాసేపు విని, ఆపి వచ్చేవాడు. పాత ఇనుము వాళ్లు అడిగితే షెడ్డు గడప కూడా తొక్కనివ్వలేదు.

"ఊరికే నిలబెట్టే కంటే" అంటూ నాగరత్నం మాట మొదలుపెట్టింది గాని, ఆయన మొహం చూసి ఆపేసింది.

ఆ ఆదివారం ఎవరూ పిలవకుండానే ముత్యమ్మ కర్దనూర్ వచ్చింది. వెంట నిషిత. ముత్యమ్మ ఆయన్ని ఏమీ అడగలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, దాని వెనక భాగం మీద చరిచింది.

"గిదేంది సారూ, వెనుక గింత లావు ఇనుపముద్ద? ఎందుకు పనికొస్తది?"

వీర్రాజు ఉండబట్టలేకపోయాడు. "అదే లేకపోతే బండి ముందుకి బోర్లా పడుతుందమ్మా. ముందు ఎత్తే బరువుకి వెనక ఈ బరువు సరితూగాలి. అంటే ఏంటంటే..." అని మొదలుపెట్టాడు.

"అంటే నెత్తి మీద గంప ఉంటే, మనం నడుం జెర ఎనుకకు వంచినట్టు."

"అదే! అచ్చంగా అదే!" వీర్రాజు మొహం వికసించింది. ముత్యమ్మ ఇంకోటి అడిగింది. ఆయన ఇంకోటి చెప్పాడు. నడుము, తోక, ఫోర్కులు ఎక్కే నిచ్చెన, వాటిని లాగే గొలుసు — ఎండ నెత్తికెక్కేదాకా ఆ పాఠం ఆగలేదు. నిషిత గోడకానుకుని నవ్వు దాచుకుంటోంది. చివరికి ఆయనే బండి తాళం తీసి, "ఏమ్మా, కూర్చుని చూస్తావా?" అని నిషితని అడిగాడు. వెనక్కి తిరిగి భార్యతో, "ఇటుకలు ఎక్కడ పెట్టావు రత్నం?" అన్నాడు.

అలా కర్దనూర్ షెడ్డులో ఆదివారం బడి మొదలైంది. వీర్రాజు కుర్చీ వేసుకుని కూర్చుని అరిచేవాడు. నాగరత్నం పక్కన నిలబడి చేతులు పెట్టి చూపించేది. నేర్చుకునేవాళ్లు అరుస్తూనే నేర్చుకునేవాళ్లు. మొదట షెడ్డు రేకు ఎన్నిసార్లు సొట్టపోయిందో చెప్పలేం. ఒకసారి నిషిత గేరు మార్చడం మర్చిపోయి వెనక్కి బదులు ముందుకి వెళ్లి, వీర్రాజు కుర్చీని గుద్దింది. ఆయన సకాలంలో లేచాడు గనక కుర్చీ కాళ్లే విరిగాయి. "నా మోకాళ్లు ఇంత జల్దీగా పనిచేసి ఎన్నేళ్లయిందో" అని ఆయన నవ్వితే, ఏడవబోతున్న నిషిత కూడా నవ్వేసింది.

అందరికీ మేలు జరిగిందని చెబితే అబద్ధమవుతుంది. గుంపులో కొందరికి చదువు లేదు. ఇద్దరు ముగ్గురు భయపడి మానేశారు. కొందరు పత్తి ఏరడానికి, ఇళ్ల పనులకి వెళ్లిపోయారు. ఒకామె రోడ్డు మీద ఎదురుపడి నాగరత్నాన్ని చూడనట్టే వెళ్లిపోయేది. నాగరత్నం ఆగి పిలిచేది. ఆమె ఆగేది కాదు. ఆ పిలుపు మాత్రం నాగరత్నం మానలేదు.

నిషితకి లైసెన్సు వచ్చింది. సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు చేసే ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. తర్వాత మరొకరు, ఇంకొకరు. బ్యాటరీ బండ్లు కిరాయికిచ్చే ఏజెన్సీ వాళ్లు డ్రైవర్ల కోసం వీర్రాజుకి ఫోను చేయడం మొదలుపెట్టారు. "ప్రపంచం నుంచి ఫోనొచ్చింది రత్నం" అంటూ ఆయన ఫోను ఆవిడకి అందించేవాడు. బ్యాటరీ బండ్లంటే ఆయనకి ఇప్పటికీ పెద్ద గౌరవం లేదు. కానీ నిషిత కంపెనీలో ఒకటి మొరాయించిందని తెలిసి, ఎవరూ అడక్కుండానే స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని బయల్దేరబోతే, గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు ఆపేస్తారని నాగరత్నం గుర్తు చేయాల్సి వచ్చింది.

మొన్నొక ఆదివారం పాఠాలయ్యాక అందరూ షెడ్డు ముందు చాప పరుచుకుని కూర్చున్నారు. నాగరత్నం పులిహోర తెచ్చింది. ముత్యమ్మ సర్వపిండి తెచ్చింది. ముత్యమ్మ కట్టుకొచ్చిన కొత్త చీర, నిషిత తన మొదటి జీతంతో అత్తకి కొన్నది. తిన్నాక చేతులు కడుక్కుని, ముత్యమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"వీర్రాజన్నా, నాకు చదువు రాదు. కాయితం లేదు. నన్ను ఏ కంపెనోడూ బండెక్కనియ్యడు గదా?"

"ఎక్కనివ్వడమ్మా" అన్నాడు వీర్రాజు. ఆయనకి అబద్ధమాడి ఊరడించడం రాదు.

"గీ బండి కంపెనీది గాదు గదా?"

వీర్రాజు ఆవిడ వైపు చూశాడు. లేచి వెళ్లి తాళం తెచ్చాడు. ముత్యమ్మ కొత్త చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, మెట్టు మీద కాలు పెట్టి ఎక్కి కూర్చుంది. నాగరత్నం పక్కన మెట్టు మీద నిలబడి, కుడికాలు ఎక్కడుంచాలో, చెయ్యెక్కడుంచాలో చెప్పింది. ఇంజను గుర్రుమంది. పొగ లేచింది. పసుపుబండి మెల్లగా, ఒక్కో జానెడే, ఇటుకల మధ్య నుంచి ముందుకి కదిలింది.

"కోడలా, సూడే! సూస్తున్నవా?" అని ముత్యమ్మ కేక పెట్టింది.

"సూస్తున్న అత్తమ్మా, ముందుకు సూడు!"

బండి షెడ్డు దాటి ఖాళీ జాగాలోకి వచ్చింది. ముత్యమ్మ స్టీరింగు గట్టిగా పట్టుకుని, మొహమంతా నవ్వుతో, ఎండలోకి సూటిగా పోతోంది. తిప్పాలని గాని, ఆపాలని గాని ఆవిడకి ఉన్నట్టు లేదు. వీర్రాజు మోకాళ్ల నొప్పి మర్చిపోయి బండి వెంట నడుస్తూ, "అలాగే, అలాగే, బాగుందమ్మా, అలాగే పోనీ" అంటున్నాడు. జాగా చివర తుమ్మచెట్లు దగ్గర పడుతుంటే, నాగరత్నం వంగి ఆవిడ చెవిలో చెప్పింది, "వదినా, ఇప్పుడు మెల్లగా ఎడమకి తిప్పు. తోక నేను చూసుకుంటాను."